విల్లుకు పెట్టిన లప్పం

ముప్పై ఏళ్ళకు పైగా నేను చేసిన ఉద్యోగాన్ని ఒక్క మాటలో చెప్పమంటే, పగుళ్ళు దాచడం. చెక్కపని శిక్షణ కేంద్రంలో నా హోదా పేరు పెద్దదే, పాలిష్ విభాగం బోధకుడు. తలుపు పగిలినా, కుర్చీ కాలు చీలినా, ఆఫీసరు బల్ల మీద గీత పడినా నా దగ్గరికే తెచ్చేవారు. సుద్దపొడిలో కర్ర రంగు మట్టి కలిపి, కాస్త తెల్ల జిగురు, నాలుగు చుక్కల నీళ్ళు పోసి లప్పం చేసేవాణ్ణి. పగుల్లో నింపి, ఆరాక సాండ్‌పేపర్ పట్టి, పైన పాలిష్ రుద్దితే పని ఐపోయినట్టే. నా దగ్గర నేర్చుకున్నవాళ్ళు ఇవాళ కరీంనగర్ నుంచి దుబాయ్ దాకా ఉన్నారు. "సార్ లప్పం పెడితే ఆ పగులు దేవునికి సుత దొరకది" అని ఇప్పటికీ చెప్పుకుంటారట.

ఆ మాట ఎవరన్నా నా ముందు అంటే నేను మాట మార్చేస్తాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చిన మీలాంటి వాళ్ళ కోసం ఆ సంగతి ఇవాళ రాస్తున్నాను. ఇందులో నేను గొప్పగా చేసిందేమీ లేదు. ముందే చెబుతున్నాను, చదివాక నన్ను తిట్టుకోవద్దు.

రిటైర్మెంటుకు రెండేళ్ళున్నాయనగా నన్ను కరీంనగర్ నుంచి ఆదిలాబాద్‌కు వేశారు. అక్కడ మా కేంద్రానికి ఒక కొత్త పని వచ్చింది. భైంసా దగ్గర ఆడపిల్లల హాస్టల్లో విలువిద్య నేర్పుతున్నారు. వాళ్ళకు చేత్తో చేసిన ఆరు విల్లులు కావాలన్నారు. చేయడానికి అడవి వైపు ఊరి నుంచి ఒక ముసలాయన్ని పిలిపించారు. అక్కడి అలవాటు ప్రకారం నేనూ ఆయన్ని కాకా అనేవాణ్ణి. ఏ కర్రతో చేస్తున్నావు కాకా అని అడిగితే తన భాషలో ఒక పేరు చెప్పేవాడు. నా నోరు తిరిగేది కాదు, ఆయన నవ్వేవాడు.

విల్లు వంచితే దాని వీపు, అంటే బయటి వైపు, సాగాలి. కర్ర ఎక్కువ సాగలేదు, ఎక్కడో పుటుక్కుమంటుంది. అందుకని కాకా దున్నపోతు కాళ్ళ నరాలను ఎండబెట్టి, చెక్క సుత్తితో దంచి, సన్నటి పోగులుగా విడదీసేవాడు. ఆ పోగులను సరేసులో, అంటే తోళ్ళు ఉడికించి తీసిన జిగురులో ముంచి, విల్లు వీపున పొర మీద పొర పరిచేవాడు. నరాలు తెచ్చిపెట్టే బాధ్యత మా జీపు డ్రైవర్‌ది. భైంసా మనిషి, అతని బావమరిదికి మాంసం దుకాణం ఉంది. "సాబ్, నేను పిల్లగాండ్ల సదువుకు దువా అడిగిన గని, గిట్ల నరాలు మోసుడు అడుగలే" అని రోజూ విసుక్కుంటూనే మోసుకొచ్చేవాడు. మా వరండా అంతా ఆ వాసనే. పెద్దసారు, అంటే మా సూపరింటెండెంట్, ముక్కుకు రుమాలు కట్టుకొని వచ్చి దూరం నుంచే చూసి పోయేవాడు. ఆయన అడిగేది ఒకటే, "మెరుస్తదా?"

మెరుపు నా వంతు. నరానికీ సరేసుకూ తేమ పడదు. ఆదిలాబాద్ వానాకాలంలో గోడకున్న క్యాలెండరే మెత్తబడుతుంది, ఇక నరం సంగతి చెప్పేదేముంది. తేమ లోపలికి పోకుండా, విల్లుతో పాటు వంగేలా పైన ఏదో పూత ఉండాలి. ఏ పూతో తేల్చమని నాకప్పగించారు.

కర్రపట్టీలకు నరం అంటించి ఇవ్వమని కాకాను అడిగాను. ఒక్కో పట్టీ మీద ఒక్కోటి పూసి వంచి చూశాను. నాకు అన్నింటికంటే ఇష్టమైన లక్క పాలిష్ అద్దంలా వచ్చింది గానీ, పది సార్లు వంచేసరికి అడ్డంగా తెల్లటి గీతలు పడ్డాయి. రెండు డబ్బాలు కలిపి పూసే గట్టి రకం పొరలుగా లేచింది. నీళ్ళు కలిపి పూసే కొత్త రకం మరీ ఘోరం. సరేసు నీళ్ళు తగిలితే కరుగుతుంది కాబట్టి, మరునాటికి నరం జిగటగా ఐపోయింది. "సరేసు పని దగ్గర నీళ్ళ డబ్బా కనబడొద్దు" అని నేనే స్టోరు తలుపు మీద చాక్‌పీసుతో రాశాను. గుర్తుపెట్టుకోండి, రాసింది నేనే.

కాకా తమ పద్ధతి చూపించాడు. ఇప్పనూనె పట్టించి, పైన తేనెమైనం రుద్దడం. చేతికి హాయిగా ఉంది, చక్కగా వంగింది. ఐతే మెరుపు లేదు, ముసురు పట్టిన రోజు తేమ పీల్చింది. చివరికి నూనె వార్నిష్ దగ్గర ఆగాను. పల్చటి పూతలు, పూతకూ పూతకూ మధ్య రెండు రోజుల విరామం. వంచితే వంగింది, నీళ్ళు పోస్తే జారిపోయాయి. ఇప్పటికీ చెబుతాను, అది సరైన ఎంపికే. తప్పు ఎక్కడో చెబుతాను, ఆగండి.

వార్నిష్ పట్టీని కాకా వెలుతురుకు పట్టుకొని చాలాసేపు తిప్పి చూశాడు.

"మంచిగున్నది సార్. లోపటి నరం కనబడుతున్నది. గట్ల కనబడాలె. అంచు మీద ఏదన్న కప్పితివంటే నాకు కన్ను పోయినట్టే."

"అంచంటే?"

"నరం కర్రను పట్టుకున్న జాగ. ఆడ వెంట్రుకంత సందు పడ్డా ఆ విల్లు పొయ్యిలకే. మా తమ్ముడు చూసుకోలే. చెవి దాక గుంజంగ ఇరిగింది. ముక్క కంట్ల దిగింది."

ఆయన అది మామూలుగానే చెప్పాడు. తర్వాత ఆయనే తమ కట్టుబాటు ఒకటి చెప్పాడు. విల్లు మీద ఆఖరి చెయ్యి ఎవరిదైతే మొదటి గుంజుడు వాళ్ళదే. చేసిన మనిషి తన మొహం ముందు పెట్టుకొని చెవి దాకా గుంజి, మెల్లగా దించి, అప్పుడు ఇంకొకరికి ఇవ్వాలి.

"గిప్పుడు ఆఖరి చెయ్యి మీది సార్. ఆరుకు ఆరు మీరే గుంజాలె."

"సరే కాకా," అన్నాను. అంటుంటేనే నా ఎడమ కన్ను అదిరింది.

విల్లులు ఆరూ నాకప్పగించి కాకా వారం రోజులు ఊరికి పోయాడు. వార్నిష్‌కు ముందు సాండ్‌పేపర్ పడుతుంటే ఒకదానికి పిడి దగ్గర, నరం అంచున సన్నటి సందు కనిపించింది. వెంట్రుకంతే. మధ్యాహ్నం అన్నం వేళ, ఆకలిగా ఉంది. ఆ సందు చూసి నేనేమీ ఆలోచించలేదు. ఆలోచించానని చెబితే అబద్ధం. చెయ్యి దానంతటదే లప్పం గిన్నె అందుకుంది. సుద్ద, మట్టి, తెల్ల జిగురు, నాలుగు చుక్కల నీళ్ళు. సందులో నింపి, వేలితో సాపు చేసి, మిగిలిన లప్పం పారేయడం ఇష్టం లేక పక్కనున్న, ఇంకా పూత వేయని నరం పట్టీ అంచున పూసి, చేతులు కడుక్కొని అన్నానికి పోయాను. తలుపు మీద నేను రాసిన రాత ముందు నుంచే పోయాను. తర్వాత విల్లులతో పాటు ఆ పట్టీకీ వార్నిష్ వేశాను. మూడు పూతలు పడ్డాక ఆరు విల్లులూ ఒక్కలాగే ఉన్నాయి. సందు ఉన్నది ఏదో నాకే తెలియదు.

ఇక గుంజే పని. తలుపు వేసుకొని ఒకటి చేతిలోకి తీసుకున్నాను. నారి చెంప దాకా వచ్చేసరికి కర్ర కిర్రుమంది. కంట్లో దిగిన ముక్క గుర్తొచ్చింది. దించేశాను. ఇంకోటి ముట్టలేదు. కాకా చేసేటప్పుడే గుంజి చూశాడు కదా, పైన పూసిన పూతకు విల్లు విరుగుతుందా అని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను.

కాకా తిరిగొచ్చి అడిగాడు. "గుంజిండ్రా సార్?"

"ఆ, గుంజిన కాకా."

మర్నాడు హాస్టల్ నుంచి ఒక అమ్మాయి వార్డెన్‌తో పాటు వచ్చింది. పదిహేనేళ్ళుంటాయేమో. పిల్లలందరిలోకీ బాగా వేస్తుందట, ముందుగా ఒక విల్లు తనకిస్తే అలవాటు చేసుకుంటుందని వార్డెన్ అడిగింది. ఆ అమ్మాయి ఆరింటినీ చేత్తో తూచి ఒకటి ఎంచుకుంది. కాకా దాన్ని ఆమె చేతికిస్తూ, నా వైపు చూపించి ఏదో చెప్పాడు. మిగతా ఐదూ వారం తర్వాత పంపాలి. పెద్దసారు వచ్చి విల్లులను చూసి నన్ను భుజం తట్టాడు. "మెరుస్తున్నయ్" అన్నాడు. నాలుగు రోజులు నేను పొంగిపోయే తిరిగాను.

ఐదో రోజు ఉదయం బల్ల సర్దుతూ, లప్పం పూసిన పట్టీ తీసి ఊరికే వంచాను. టిక్కుమంది. నరం అంచు తడిసిన అట్టలా లేచి వచ్చింది. లోపల సరేసు జిగటగా, పచ్చితోలు వాసన వేస్తోంది. లప్పంలోని నీళ్ళు సరేసును కరిగించాయి. పైన నేను వేసిన వార్నిష్, బయటి తేమను లోపలికి రానీయనట్టే, లోపలి తడిని బయటికి పోనీయలేదు. పూత బాగా పనిచేసింది. నీళ్ళ పాలిష్ వద్దని తలుపు మీద రాసిన మనిషి లప్పంలో నీళ్ళు కలిపాడు, అంతే.

స్టూలు మీద కూర్చుండిపోయాను. వరండాలో కాకా నరాలు దంచుతున్న చప్పుడు వినబడుతోంది. ఆయన దగ్గరికి పోవడానికి నాకు ఎంతసేపు పట్టిందో చెప్పను, సిగ్గు. పోయి పట్టీ చేతిలో పెట్టాను.

"గీ లప్పం ఒక విల్లుకు సుత పెట్టిన కాకా. ఏదో యాదికి లేదు."

సుత్తి ఆగింది. "మీరు గుంజినప్పుడు ఏం చప్పుడు కాలేదా?"

ఇక దాచేందుకు ఏమీ మిగల్లేదు. "నేను గుంజలే. భయమైంది. అబద్ధం చెప్పిన."

కాకా నా మొహం వంక చూడలేదు. లేచి, కిటికీ కింద పడున్న గాజు పెంకు ఒకటి తీసుకొని, ఐదు విల్లులనూ నేల మీద వరసగా పెట్టి గీకడం మొదలుపెట్టాడు. మొదటి దాని అంచు శుభ్రంగా ఉంది, నరం కర్రను గట్టిగా పట్టుకొని ఉంది. రెండోదీ అంతే. మామూలుగా ఐతే సంతోషించాలి. కానీ మంచిదని తేలిన ప్రతి విల్లూ నా గుండెల మీద బరువు పెంచింది. నాలుగోది గీకేటప్పుడు, ఇందులోనే లప్పం ఉండాలి స్వామీ అని వేములవాడ రాజన్నకు మొక్కాను. లేదు. ఐదోదాన్ని కాకా తిప్పి చూపించాడు. అందులోనూ లేదు.

ఆరోది నాలుగు రోజులుగా ఆ పిల్ల చేతిలో ఉంది.

వార్డెన్‌కు ఫోన్ చేశాను, ఎత్తలేదు. మళ్ళీ చేశాను, మోగి మోగి ఆగింది. మా దగ్గర ఉన్నది ఆ ఒక్క నంబరే. పెద్దసారు గదిలోకి పరుగెత్తి జీపు అడిగాను. ఆయన సంగతంతా విని కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.

"నాలుగు రోజులకెల్లి గుంజుతుంది గద. ఇరిగేదైతే ఇరుగుతుండె. మీరు జర కాయిదం మీద రాసియ్యిండ్రి, రేపు పంపుదం."

"రేపటికి ఆ పిల్ల కన్నుంటదా సార్?" అన్నాను. ఉద్యోగంలో పైవాళ్ళ మీద అరవడం అదే మొదలు, అదే ఆఖరు. ఆయన ఏదో అనబోయేలోపు గుమ్మంలో నిలబడి విన్న డ్రైవర్ మేకుకున్న తాళాలు తీసుకున్నాడు. "చలో సాబ్, కాయిదం మల్లొచ్చినంక రాద్దం," అన్నాడు.

సాయంత్రం నాలుగింటికి పిల్లలు గ్రౌండ్‌లోకి వస్తారని, విల్లు తీసుకుపోయిన రోజే వార్డెన్ చెప్పింది. మేం బయలుదేరేసరికి పన్నెండు దాటింది. తీరుబడిగా పోయినా చాలిన టైమే. ఘాట్ రోడ్డులో ఒక లారీ మలుపు దగ్గర అడ్డం తిరిగి ఆగిపోయింది. ముందు వరసగా బండ్లు, పైన ముసురు. డ్రైవర్ దిగి, పోయి చూసి, తడిసి వచ్చాడు.

"ఫికర్ చెయ్యకుండ్రి సాబ్, తీస్తున్నరు."

అరగంట తర్వాత కూడా అదే మాట అన్నాడు. ఇంకో అరగంటకు స్టీరింగు మీద వేళ్ళతో కొడుతూ కూర్చున్నాడు. అతనికీ హాస్టల్ ఈడు కూతురుందని నాకు తెలుసు. నేను ఫోన్ చేస్తూనే ఉన్నాను. మోగిన ప్రతిసారీ ఎవరన్నా ఎత్తి ఏడుస్తూ మాట్లాడతారేమోనని భయం, ఎత్తకపోతే ఇంకో భయం. కాకా వెనక సీట్లో, మంచిదని తేలిన ఒక విల్లును ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నాడు. ఆదిలాబాద్ నుంచి నిర్మల్ దాకా ఆయన ఒక్కటే మాట మాట్లాడాడు.

"మా తమ్మునిది ఎడమ కన్ను," అన్నాడు.

ఎవరినుద్దేశించి అన్నాడో తెలియదు. నేను వెనక్కి తిరిగి చూడలేకపోయాను.

హాస్టల్ చేరేసరికి నాలుగున్నర దాటింది. భైంసా వైపు వాన లేదు. జీపు ఆగకముందే దూకాను. హాస్టల్ వెనక గ్రౌండ్‌లో ఆరేడుగురు ఆడపిల్లలు ఒక పక్క నిలబడి ఉన్నారు. మా విల్లు తీసుకుపోయిన అమ్మాయి నేల మీద గీసిన సున్నపు గీత దగ్గర పక్కకు తిరిగి నిల్చుంది. విల్లు ఎత్తి ఉంది. నారి అప్పటికే చెంప దాటింది. సాయంత్రపు ఎండలో వార్నిష్ తళతళా మెరిసింది. ఆ మెరుపు నాదే.

అరవాలని నోరు తెరిచాను. అరిస్తే ఉలిక్కిపడి మొహం ఇటు తిప్పుతుందేమోనన్న ఆలోచన నన్ను ఆపింది. అరవకపోతే ఇంకో వేలెడు గుంజుతుంది. అక్కడే నిలబడిపోయాను. ఆమె ఇంకొంచెం గుంజింది. కర్ర కిర్రుమన్న చప్పుడు అంత దూరానికి వినబడదు, ఐనా నాకు వినబడింది. బాణం వదిలింది. అది పోయి ఎక్కడ తగిలిందో నేను చూడలేదు. ఆమె మొహమే చూశాను. మొహం మొహంలాగే ఉంది.

కాకా నన్ను దాటి నడిచిపోయి, ఇంకో బాణం తీయబోతున్న ఆమె చెయ్యి పట్టుకొని ఆపాడు. విల్లు తీసుకున్నాడు, నారి విప్పాడు, జేబులోంచి గాజు పెంకు తీసి పిడి దగ్గర గీకాడు. వార్నిష్ లేచింది. కింద నుంచి సుద్ద రాలింది. ఆ జాగాలో గోరు పెడితే గోరు సగం లోపలికి పోయింది.

నేను చేరుకునేసరికి ఆ అమ్మాయి వంగి చూస్తోంది. "ఏందిది తాతా?"

"పగులు బిడ్డా. చూడకుంట ఇచ్చిన."

చూడకుండా ఇచ్చింది ఆయన కాదు. ఐనా నా పేరెత్తలేదు. ఆమె నమ్మలేనట్టు నా వైపు తిరిగింది.

"మీరు గుంజిండ్రని తాత చెప్పిండు గద సార్. గందుకే నాకు భయం కాలే. రోజుకు అరవై సార్లు గుంజిన."

ఘాట్ రోడ్డులో చిక్కుకున్నప్పటికంటే, నారి ఆమె చెంప దాటినప్పటికంటే, అప్పుడే నాకు ఎక్కువ భయమేసింది. తల ఊపి ఊరుకోవచ్చు. కాకా చెప్పడు, డ్రైవర్ జీపు దగ్గరే ఉన్నాడు. ఒక పగులు మీద ఇంకొంచెం లప్పం, అంతే కదా.

"నేను గుంజలే బిడ్డా," అన్నాను. "గుంజిన అని అబద్ధం చెప్పిన. గా లప్పం పెట్టింది నేనే."

ఆమె విల్లు వంక చూసింది, నా వంక చూసింది. అప్పుడు ఆమె ఎడమ చెయ్యి మెల్లగా పైకి లేచి, కంటి కింద చెంప మీద ఆగింది. అంతవరకూ ఆ పిల్లకు భయమంటే తెలియదు. నా కళ్ళ ముందే అది వచ్చి ఆమె మొహంలో కూర్చుంది. తెచ్చి పెట్టింది నేను.

కాకా వెంట తెచ్చిన విల్లుకు నారి ఎక్కించి, ఆమె ఎదురుగా చెవి దాకా గుంజి దించాడు. మూడుసార్లు గుంజి ఆమె ముందు పెట్టాడు. ఆమె తీసుకోలేదు. చెయ్యి చెంప మీదే ఉంది.

"గా సారును గుంజుమను తాతా," అంది. నాతో చెప్పలేదు, ఆయనతోనే చెప్పింది.

కాకా విల్లు నా వైపు చాపాడు. పిల్లలందరూ చూస్తుండగా అందుకున్నాను. ఎత్తి గుంజడం మొదలుపెట్టాను. నారి చెంపకు తగలగానే కళ్ళు మూసుకున్నాను.

"కండ్లు తెరువుండ్రి సార్," అన్నాడు కాకా. "మూసుకుంటే గుంజినట్టు కాదు."

తెరిచాను. కర్ర, నరం, నేను వేసిన వార్నిష్, అన్నీ నా కంటి ఎదుటే వంగుతున్నాయి. కిర్రుమంది. చెవి దాకా గుంజి, నిలిపి, మెల్లగా దించి, విల్లును ఆమె వైపు చాపాను.

"ఇంకోసారి," అంది ఆ అమ్మాయి.

మళ్ళీ గుంజాను. "ఇంకోసారి," అంది. చుట్టూ ఉన్న పిల్లల్లో ఒక్కరూ నవ్వలేదు. భుజం నొప్పెట్టింది, చెమట కళ్ళలోకి కారింది, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. ఆమె చెయ్యి చెంప మీది నుంచి కిందికి దిగేదాకా గుంజుతూనే ఉన్నాను.